మాస్టారి నాన్నకు లేని కళ్లజోడు

పోయిన వారం మాస్టారి పాత శిష్యురాలు పెన్సిలమ్మను టెలిఫోను పక్కన నిలబెట్టి వచ్చేశాం. అవతలి నుంచి మాస్టారు పడీ పడీ నవ్వుతున్నారు.

“అమ్మాయ్, విదేశం నుంచి ఉత్తరమొచ్చింది. ఈసారి ఎవరిచేతో మన భాషలోనే రాయించారు, మీ అక్కయ్య చదివింది. నా పుస్తకం ఇంకో భాషలోకి వేస్తారట. నాలుగో అనువాదం! అట్ట మీదకి మా నాన్నగారి కళ్లజోడు ఫొటో పంపించాలిట. మా నాన్నకి కళ్లజోడెక్కడిది? వీళ్లు ఎవరి పుస్తకం చదివి ఎవరికి ఉత్తరం రాశారో! పొద్దున్నే రా, గట్టిగా జవాబు రాద్దాం.”

మాస్టారి తండ్రి తాపీమేస్త్రి. జన్మలో సంతకం పెట్టి ఎరగడు, వేలిముద్రే. ఆ సంగతి పెన్సిలమ్మకు తెలుసు. ఆ కళ్లజోడు ఎవరిదో కూడా తెలుసు. అది ఆవిడ తండ్రిది.

మాస్టారి పుస్తకం నూట అరవై పేజీలది. విశ్వాసమూ వివేకమూ రెండూ దేవుడు నమ్మి మనిషి చేతిలో దాచమని పెట్టిన అమానతులనీ, ఒకదాన్ని నెత్తిన పెట్టుకుని రెండోదాన్ని మూలన పడేస్తే ఇచ్చినవాడి నమ్మకాన్ని వమ్ము చేసినట్టేననీ ఆయన అందులో వాదించారు. ఇక్కడ దాన్ని చదివినవాళ్లు తక్కువ, తిట్టినవాళ్లు ఎక్కువ. పెన్సిలమ్మ దాన్ని విదేశీ భాషలోకి తెచ్చింది. ఆవిడ అనువాదంలోంచి ఇంకెవరో మరో భాషలోకి, అక్కడినుంచి ఇంకో భాషలోకి తీసుకువెళ్లారు. పదకొండేళ్లలో ఆ పుస్తకం మాస్టారు మ్యాపులో కూడా సరిగ్గా చూపించలేని ఊళ్లకు చేరింది. రాత్రి డ్యూటీ దిగి వచ్చిన నర్సులు చదివారు. బస్సు డ్రైవర్లు చదివారు. ఎక్కడో ఒక మసీదు మేడ మీద వారానికోసారి ఆడవాళ్లు కూర్చుని, వంతులేసుకుని బయటికి చదువుకుంటున్నారు. వాళ్లందరూ గీత గీసి దాచుకున్న చోటు ఒక్కటే. ఐదో అధ్యాయంలోని ఎనిమిది వాక్యాలు.

ఆ ఎనిమిది వాక్యాలూ మాస్టారు రాయలేదు.

పెన్సిలమ్మ పని చేసే పద్ధతి ఒకటుంది. కాగితానికి ఎడమవైపు నాలుగు వేళ్ల వెడల్పు ఖాళీ వదులుతుంది. కుడివైపు పెన్నుతో అనువాదం రాస్తుంది. ఖాళీలో పెన్సిలుతో తన మనసులో మాట రాసుకుంటుంది: ఇక్కడ మాస్టారు తొందరపడ్డారనో, ఈ పేరా చదివి లేచి కాసేపు కిటికీ దగ్గర నిలబడ్డాననో. అనువాదంలో ఏదైనా వాక్యం జారిపోయి ఉంటే దాన్నీ ఆ ఖాళీలోనే రాసి, చేరవలసిన చోటికి బాణం వేస్తుంది. అచ్చాఫీసు వాళ్లకు చెప్పిన మాట ఒక్కటే. బాణం ఉంటే లోపలికి తీసుకోండి, లేకపోతే వదిలేయండి. తండ్రి పోయిన నెలలో ఐదో అధ్యాయం చేస్తూ ఆవిడ ఎనిమిది వాక్యాలు రాసుకుంది, చేస్తున్న పనిలోని భాషలోనే. ఏ మాట దగ్గర అది తోచిందో మరిచిపోకూడదని, చేతి అలవాటు కొద్దీ, బాణం వేసింది.

ప్రూఫులు వచ్చినప్పుడు అత్తగారు ఆసుపత్రిలో ఉంది. మంచం పక్క స్టూలు మీద కూర్చుని, చదవకుండానే సంతకాలు పెట్టి పంపేసింది. పుస్తకం పార్సెల్ విప్పిన రోజున చూసుకుంది. ఐదు వందల కాపీలే కదా, ఎవరు చదువుతారులే అనుకుంది.

*

“చెప్పొద్దు,” అన్నాడు భర్త, పొద్దున టీ కప్పు ముందు కూర్చుని. ఆయన ఇన్సూరెన్సు కంపెనీలో క్లెయిములు చూస్తాడు. “ఇరవై ఆరేళ్ల సర్వీసులో నేను నేర్చుకున్నది ఒక్కటే. అడగని కాయితం మనంతట మనం ఇవ్వకూడదు.”

“అడిగారు కదండీ. ఫొటో అడిగారు.”

“ఆయన్ని అడిగారు. నిన్ను కాదు. ఆయనే ‘మా నాన్నకి కళ్లజోడు లేదు మొర్రో’ అని రాసేస్తాడు. వాళ్లు అట్ట మీద ఇంకేదో బొమ్మ వేసుకుంటారు. అయిపోయింది.”

“వాళ్లు ఊరుకుంటారా? ‘మరి ఈ ఎనిమిది వాక్యాలు ఎక్కడివి?’ అని మూలంలో వెతుకుతారు.”

ఆయన కప్పు తిప్పుతూ కూర్చున్నాడు. పెన్సిలమ్మ లేచి చెప్పులు వేసుకుంది.

“నీకు ఆ ఇల్లు లేకపోతే తోచదే,” అన్నాడు ఆయన కాస్త మెత్తగా. “అందుకని చెబుతున్నాను. ఆ ఇంటి తలుపు ఒకసారి మూసుకుంటే నువ్వు మంచాన పడతావు.”

ఆవిడ భయమూ అదే. పైకి ఒప్పుకోలేదు, అంతే.

దారంతా ఆవిడ మాటలు కూర్చుకుంటూ నడిచింది. ఆ వీధిలో సైకిలు షాపు, పక్కన తాళాలు చేసేవాడి బడ్డీ, దాని పైన మూడో అంతస్తులో మాస్టారి ఇల్లు. మెట్లకు ఒకవైపే పట్టుకునే కమ్మీ ఉంది. రెండో అంతస్తు దాకా ఆవిడ మాటలు బాగానే వచ్చాయి. ‘మాస్టారూ, మీతో ఒక విషయం’ అని మొదలుపెట్టాలి. మూడో అంతస్తు చేరేసరికి ‘మాస్టారూ’ ఒక్కటే మిగిలింది.

మనిషి అబద్ధమాడితే మాస్టారు కోప్పడేవారు కాదు. ఎవరి మాట ఎవరిదో చెప్పకపోతే మాత్రం మండిపడేవారు. ఆయన క్లాసులో ఎవరైనా ‘పెద్దలు చెప్పారు సార్’ అంటే, “ఏ పెద్దలు? వాళ్లకెవరు చెప్పారు? నువ్వెవరి దగ్గర విన్నావు?” అని మూడు ప్రశ్నలూ వరసగా పడేవి. “మన విద్య అంతా పేర్ల గొలుసు మీద నిలబడింది. ఫలానా వారి దగ్గర ఫలానా వారు విన్నారు, వారి దగ్గర నేను విన్నాను. ఒక్క లంకె తెగితే మాట ఎంత తియ్యగా ఉన్నా పక్కన పెట్టాలి,” అనేవారు. ‘మతంలో సొంత మాటలు చొప్పిస్తున్నాడు’ అని ఆయన మీద కరపత్రాలు వేసినవాళ్లకు ఆయన ఏళ్ల తరబడి ఇచ్చిన జవాబు అదొక్కటే. ‘ఒక్క మాట కలిపానని చూపించండి. కలం విరిచేస్తాను.’

*

“అస్సలాము అలైకుం మాస్టారూ.”

“వాలైకుం అస్సలాం. రా రా. జవాబు తయారైపోయింది. నీకోసం ఆగితే పోస్టు వెళ్లిపోయేలా ఉంది.”

మాస్టారు కిటికీ పక్కన కుర్చీలో ఉన్నారు. కుడికంటికి శుక్లం ఆపరేషన్ అయి పదిహేను రోజులు, పచ్చటి గుడ్డ కట్టి ఉంది. రెండో కన్ను తన వంతు కోసం కాచుకుని ఉంది. మూడు గోడల నిండా పుస్తకాలు, నాలుగో గోడకు మంచం. మంచం మీద మాస్టారి భార్య చొక్కాకు గుండీ కుడుతోంది. పక్కనే స్టాంపు అంటించిన కవరు.

“అక్కయ్యా,” అంది పెన్సిలమ్మ.

“వచ్చావా పెన్సిలమ్మా! కూర్చో. ఈయన గారి ఉత్తరం విను. ఆ దేశం వాళ్లు ఈ దెబ్బకి పుస్తకాలు అచ్చేయడం మానేసి కూరగాయలు అమ్ముకుంటారు.”

“చదువు చదువు,” అన్నారు మాస్టారు ఉత్సాహంగా.

ఆవిడ సూది చొక్కాకే గుచ్చి, కాగితం తీసింది. “‘అయ్యా, మా తండ్రిగారు గోడలు కట్టారు గానీ గ్రంథాలు చదవలేదు. కళ్లజోడు పెట్టుకున్న పాపాన పోలేదు. తమరు ఏ రచయిత పుస్తకాన్నో నా పేరుతో అచ్చు వేయబోతున్నట్టు అనుమానంగా ఉంది. దయచేసి ఒకసారి అట్ట తిరగేసి చూసుకోవలసిందిగా...’”

“అట్ట తిరగేసి! అది నాకు భలే నచ్చింది,” అన్నారు మాస్టారు.

“మాస్టారూ, అది పంపించకండి.”

“ఏం, ఘాటెక్కువైందా?”

“ఆ కళ్లజోడు మా నాన్నది.”

పెన్సిలమ్మ ఇక ఆగలేదు. ఆగితే మళ్లీ గొంతు రాదని తెలుసు. కాగితం ఎడమవైపు ఖాళీ, పెన్సిలు, బాణం, ఆసుపత్రి స్టూలు, చదవకుండా పెట్టిన సంతకాలు, అన్నీ ఒకే ఊపిరిలో చెప్పేసింది. చివరికి “ఐదో అధ్యాయంలో ఎనిమిది వాక్యాలు మీవి కావు మాస్టారూ, నావి. మీ పేరు మీద తిరుగుతున్నాయి,” అంది.

మాస్టారు ఎడమకన్ను ఆవిడ వైపు తిప్పారు. ఆ కంటికి ఆవిడ ముఖం కనిపిస్తోందో లేదో తెలియదు.

“చదువు. ఆ ఎనిమిదీ. మన భాషలో.”

పుస్తకం అక్కర్లేకపోయింది. ఆవిడ తల వంచుకుని చెప్పింది.

“‘నాన్న పోయాక ఆయన కళ్లజోడు పెట్టుకుని ఆయన చదివే గ్రంథం తెరిచాను. అక్షరాలన్నీ మసకగా కనిపించాయి. కళ్లజోడులో లోపమేమీ లేదు, అది ఆయన చూపుకి సరిగ్గా కొలిచి చేసినది. నా కళ్లలోనూ లోపం లేదు. గ్రంథంలో ఒక్క అక్షరం మారలేదు. దాన్ని చదవాలంటే నా చూపుకి తగిన అద్దాలు నేనే చేయించుకోవాలి. అయినా ఆయన జోడు పారేయను. దాని కాడలు ఎంత అరిగాయో చూసినప్పుడల్లా, ఎంత శ్రద్ధగా చదవాలో నాకు తెలుస్తుంది.’”

మాస్టారు కుర్చీ చేయి పట్టుకుని ముందుకు వంగారు. ఆయన భార్య గుండీ వైపు చూస్తూ ఉండిపోయింది.

“ఎప్పుడు చూసుకున్నావు?”

“పుస్తకం వచ్చిన రోజే.”

“అంటే పదకొండేళ్లు.”

“అవును మాస్టారూ.”

“ఈ పదకొండేళ్లలో ఆ ఉత్తరాలు రాలేదా? ముప్ఫై దాకా వచ్చాయి కదా. నువ్వే చదివి, మన భాషలో చెప్పేదానివి. వాటిలో ఈ కళ్లజోడు మాట ఎక్కడా లేదే?”

“ఉంది. చాలావాటిలో ఉంది. నర్సులూ, మసీదు మేడ మీద ఆడవాళ్లూ, అందరూ గీత గీసుకున్నది ఆ ఎనిమిదికేనట. నేనే... దాటేసి చదివాను.”

“అందుకా!” అంది మాస్టారి భార్య ఉన్నట్టుండి. “ఉత్తరం చదివేటప్పుడల్లా నీకు మధ్యలో దగ్గు తెర వచ్చేది! నేనేమో ఈ గదిలో దుమ్మని, వారం వారం అలమరలు దులిపి చస్తున్నాను.”

“నువ్వూరుకో,” అన్నారు మాస్టారు. ఆవిడ ఊరుకుంది. ఆయన గొంతు అంత మెల్లగా ఉండడం పెన్సిలమ్మ ఎప్పుడూ వినలేదు. “అమ్మాయ్, బాణం పొరపాటు. సంతకం పొరపాటు. అర్థమైంది. మనిషన్నాక అవుతుంది. కానీ ఆ నర్సు ఎవరో ఏం రాసిందో నాకు చెప్పకుండా దాచావే, అది పొరపాటు కాదు. పదకొండేళ్ల పాటు నన్ను నాది కాని కోటు తొడిగి వీధుల్లో తిప్పావు. నేను దర్జాగా తిరిగాను.”

పెన్సిలమ్మ లేచింది. “క్షమించమని అడగడానికి కూడా నాకు మొహం లేదు మాస్టారూ. విదేశం వాళ్లకి నేనే రాస్తాను, అన్ని భాషల్లోంచీ ఆ వాక్యాలు తీసేయమని. ఇకనుంచి ఉత్తరాలు చదవడానికి మరెవర్నైనా...”

“కూర్చో.”

“ఫరవాలేదు మాస్టారూ, నేను...”

“కూర్చోమన్నానా! పారిపోవడానికి పదకొండేళ్లు టైమిచ్చాను. అప్పుడు పోకుండా ఇప్పుడు పోతానంటే ఎలా?”

ఆవిడ కూర్చుంది. మాస్టారి భార్య మంచం దిగి, గ్లాసుతో నీళ్లు తెచ్చి, మాట్లాడకుండా ఆవిడ చేతిలో పెట్టింది.

“ఇది కొత్త రోగం కాదు,” అన్నారు మాస్టారు. ఆయన గొంతులోకి క్లాసులో పాఠం చెప్పే తీరు మెల్లగా తిరిగి వస్తోంది. “హదీసు విద్యలో దీనికి పేరుంది. ముద్రజ్ అంటారు. ప్రవక్తగారి మాట చెబుతూ చెబుతూ, చెప్పే మనిషి మధ్యలో ‘అంటే దీని అర్థం ఇదీ’ అని తనదొక ముక్క చెబుతాడు. వింటున్న శిష్యుడు అదీ ప్రవక్తగారి మాటేననుకుని వరసగా చెప్పుకుపోతాడు. ఎవరూ అబద్ధమాడలేదు. అయినా ఒకరి మాట ఇంకొకరి నోట్లోకి వెళ్లింది. నా రాతల్ని ఆ మాటలతో పోలుస్తున్నాననుకునేవు, తౌబా! రోగం ఒకే రకం కాబట్టి మందు చెబుతున్నాను.”

“ఏం చేసేవారు?”

“గీత గీసేవారు. ఇక్కడిదాకా ఆయనది, ఇక్కణ్నించి ఫలానా వారిది అని. పేరు చెప్పేవారు. మొత్తం హదీసుని అవతల పారేయలేదు. ఆ ముక్క చెప్పినవాణ్ణి వెళ్లగొట్టనూ లేదు. చాలాసార్లు ఆ ముక్కలో మంచి అర్థమే ఉండేది మరి. ఎవరి మాట వారికి అప్పగించారు, అంతే.”

“తెలిసి కలిపితేనో?” అంది మాస్టారి భార్య దారం తుంచుతూ.

“తెలిసి కలిపినవాడి సంగతి వేరు. వాడి మాట ఇక దేంట్లోనూ చెల్లదు. ఈ అమ్మాయి తెలిసి కలపలేదు. తెలిసి దాచింది. దానికి శిక్ష ఉంది, చెబుతాను. ముందు ఆ ఉత్తరం చింపెయ్.”

“స్టాంపు?”

“స్టాంపు ఊడదీసుకోవోయ్! అమ్మాయ్, కాగితం తీసుకో. పెన్నుతో రాయి. నీ పెన్సిలు నా కంటపడనీకు. ‘అయ్యా, మీరు అట్ట మీద వేయదలచిన ఎనిమిది వాక్యాలు నావి కావు. అవి నా అనువాదకురాలివి. పొరపాటున నా పుస్తకంలో కలిశాయి. వాటిని తీసేయవద్దు. వాటికి ముందొక గీత, తర్వాతొక గీత వేసి, కింద ఆమె పూర్తి పేరు వేయండి. కళ్లజోడు ఆమె తండ్రిగారిది. ఫొటో కావాలంటే ఆవిణ్ణి అడగండి.’”

రాస్తున్న చేయి ఆగిపోయింది. “నా పేరా? వద్దు మాస్టారూ. తీసేయడమే మంచిది. ఆ కరపత్రాల వాళ్లకి తెలిస్తే? ‘చూశారా, ఇన్నాళ్లూ చెప్పలేదా, సొంత మాటలు చొప్పిస్తాడని’ అంటారు. మీరు కలం విరిచేస్తానన్నారు.”

“అన్నాను. కలిపింది నేనైతే విరుస్తాను. వాళ్లకి వేరేవాళ్లు చెప్పేలోపు నేనే శుక్రవారం నలుగురిలో చెబుతాను. చెప్పేవాడికి భయం, చెప్పించుకునేవాడికి సిగ్గు. రెండూ ఒకేసారి వదిలిపోతాయి.” ఆయన కిటికీ వైపు తిరిగారు. “తీసేయమంటావు. ఆ మసీదు మేడ మీద ఆడవాళ్లు ఆ ఎనిమిదీ బయటికి చదువుకుంటున్నారే, వాళ్ల చేతుల్లోంచి లాక్కోనా? ఏమని? ‘మీకు పనికొచ్చింది గానీ, నాది కాదు కాబట్టి ఇచ్చేయండి’ అనా? నేను రాసిందంతా ఏమిటి మరి? వివేకం ఏ ఒక్కడి సొత్తూ కాదనే కదా!”

పెన్సిలమ్మ కళ్లు తుడుచుకుంది.

“నిజం చెప్పండి,” అంది మాస్టారి భార్య, “నూట అరవై పేజీలు మీవి, ఎనిమిది వాక్యాలు దానివి. జనం ఆ ఎనిమిదికే గీతలు గీసుకున్నారని లోపల ఎక్కడో చురుక్కుమనలేదూ?”

మాస్టారు గడ్డం నిమురుకున్నారు. “అనలేదని ఎవరన్నారు?” అన్నారు చివరికి. “ఆపరేషనైన కంట్లో కూడా చురుక్కుమంది.”

ముగ్గురూ నవ్వారు. పెన్సిలమ్మ నవ్వు ఏడుపు మధ్యలోంచి దారి చేసుకుని వచ్చింది. ఉత్తరం పూర్తి చేసి, అక్షరం కూడా దాటేయకుండా చదివి వినిపించింది. మాస్టారు చేత్తో తడిమి, చివర సంతకం పెట్టారు. సంతకం కొంచెం పక్కకి వాలింది.

“ఇక శిక్ష,” అన్నారాయన. “పాత రోజుల్లో శిష్యుడు గురువు పుస్తకాన్ని నకలు రాసుకుంటే, దాన్ని మొదటినుంచి చివరిదాకా గురువుకి చదివి వినిపించేవాడు. ఆయన సరే అన్నాకే ఆ నకలు గడప దాటేది. నువ్వా పని చేయలేదు. నేనూ అడగలేదు. అందులో నా తప్పూ ఉంది. ఇప్పుడు చదువు. మొదటి పేజీ నుంచి. ఈవిడ మూలం చదువుతుంది, వెనకే నువ్వు నీ అనువాదాన్ని మన భాషలో చెప్పు. నేను వింటాను. నాలుగో దేశానికి వెళ్లేలోపు ఏ మాట ఎవరిదో తేలిపోవాలి.”

“నేనా!” అంది మాస్టారి భార్య. “నాకు వంటుంది.”

“వంట నిన్నటిది ఉంది. నాకు కళ్లు లేవు. ఆ అమ్మాయి ఒక నోటితో రెండు పుస్తకాలు చదవలేదు. ఇంకెవరున్నారు? పైగా ఆ పుస్తకం నీకు కొత్తా? టైపు కొట్టింది నువ్వే కదా.”

నిజమే. నలభై ఏళ్ల కిందట, పెళ్లయిన రెండో ఏడు, ఆయన చేతిరాత ఎవరికీ అర్థం కాకపోతే అద్దె టైపు మిషను తెచ్చుకుని మొత్తం టైపు కొట్టిందావిడ. అలమరలోంచి మూలం తీసి, కొంగుతో తుడిచి, అయిష్టంగానే కూర్చుంది.

*

మధ్యాహ్నం నమాజు దాకా మొదటి రెండు అధ్యాయాలూ అయ్యాయి. అవి నల్లేరు మీద నడకలా సాగాయి. మాస్టారి భార్య ఒక పేరా చదివేది. పెన్సిలమ్మ తన పుస్తకంలోంచి అదే పేరాను తిరిగి చెప్పేది. మాస్టారు వేలితో కుర్చీ చేతి మీద కొడుతూ వినేవారు. ఒకచోట పెన్సిలమ్మ ‘న్యాయం’ ఉండాల్సిన చోట ‘దయ’ అని చేసింది. “ఇక్కడ జాలిపడ్డావు. నేను పడలేదు,” అన్నారాయన. ఆవిడ గుర్తు పెట్టుకుంది. పెన్నుతోనే.

పొద్దుట మెట్లెక్కినప్పటి బరువు లేదు. పైగా ఇంకేదో వచ్చి చేరింది. ఆ వాక్యాల కింద తన పేరు. ఏ భాష లిపిలో ఎలా ఉంటుందో ఆవిడ ఊహించుకోబోయి, సిగ్గుపడి మానేసింది. భర్తకు ఏమని చెప్పాలో మాత్రం తేల్చుకుంది. ఆ ఇంటి తలుపు మూసుకోలేదని చెప్పాలి.

నమాజయ్యాక మూడో అధ్యాయం మొదలైంది. అందులో మాస్టారు న్యాయం గురించి రాశారు. తూకాలు, సాక్షులు, న్యాయస్థానాలు. మాస్టారి భార్య గొంతు కాస్త అలసింది కానీ తడబాటు లేదు.

“‘...బజారులో తూకం సరిగ్గా వేసినంత మాత్రాన మనిషి న్యాయవంతుడు కాడు. గుమ్మం దాటి లోపలికి వచ్చాక, తనకన్నా మెల్లగా మాట్లాడే మనిషి మాటను అతడు చివరిదాకా విన్నాడా అన్నది కూడా తూకమే. ఆ తూకానికి సాక్షులుండరు. అందుకే దాన్ని దేవుడే స్వయంగా చూస్తాడు.’”

పెన్సిలమ్మ తన పుస్తకంలోంచి అదే చెప్పింది. ఒక్క మాట తేడా లేదు. ఆ పేరా అనువాదం చేసిన రోజు ఎడమవైపు ఖాళీలో ‘ఇది చదివాక మాస్టారి మీద గౌరవం పెరిగింది’ అని రాసుకోవడం ఆవిడకు గుర్తుంది.

మాస్టారి వేలు ఆగిపోయింది.

“ఆగండి. అది మళ్లీ చదువు.”

భార్య మళ్లీ చదివింది, ఈసారి కొంచెం నెమ్మదిగా.

“బాగుంది,” అన్నారు మాస్టారు అయోమయంగా. “చాలా బాగుంది. కానీ ఇది నేను రాయలేదు.”

“నేనూ కాదు మాస్టారూ! ఒట్టు. మూలంలో ఉంది. అక్కయ్య ఇప్పుడు చదివింది మీ పుస్తకమే కదా.”

“అదే నేననేదీ. ఈ అధ్యాయంలో నేను బజారు దాటి రాలేదు. న్యాయస్థానంతో మొదలుపెట్టి న్యాయస్థానంతో ముగించాను. గుమ్మం లోపలి సంగతి నాకప్పుడు తట్టలేదు. తట్టే వయసూ కాదు, తట్టే బుద్ధీ కాదు. అచ్చయ్యాక పుస్తకం మళ్లీ తెరిచే అలవాటు లేక ఇన్నాళ్లూ... అమ్మాయ్, ఆ ఇనప్పెట్టెలో నా చేతిరాత కాగితాలున్నాయి. తియ్యి. చూద్దాం.”

పెన్సిలమ్మ లేచి పెట్టె దగ్గరికి వెళ్లింది.

“అక్కర్లేదులే,” అంది మాస్టారి భార్య.

ఆవిడ పుస్తకం మూసింది, కానీ వేలు ఆ పేజీలోనే ఉంచింది. ముఖంలో భయం లేదు. ఒక విధమైన తీరిక ఉంది, చాలా దూరం మోసిన సంచీని కింద పెట్టినప్పటి తీరిక.

“నలభై ఏళ్లు పట్టింది మీకు,” అంది.

“నువ్వా?”

“నేనే.”

“పొరపాటున... టైపులో...”

“మూడు వాక్యాలు టైపులో పొరపాటున పడతాయా? తెలిసే కలిపాను.” ఆవిడ పెన్సిలమ్మ వైపు ఒకసారి చూసి, మళ్లీ భర్త వైపు తిరిగింది. “అప్పుడు మీకు చెబితే వినేవారు కాదు. అందుకని మీ నోటితోనే చెప్పించాను. ఇందాక మీరే చెప్పారుగా, తెలిసి కలిపినవాళ్ల మాట ఇక దేంట్లోనూ చెల్లదని. ఆ తీర్పు ఇచ్చేముందు ఒక సంగతి తెలుసుకోండి. ఇది మొదటిది కాదు. పొద్దుటినుంచి విన్నవాటిలో ఇంకో రెండు దాటిపోయాయి. ఒకదానికి మీరు ‘భలే రాశానే’ అనుకుని తలూపారు కూడా.”